రంగం గోడౌనా, మిలిటరీ బంగళానా? గోపాలపురం ఒడ్డున ఉన్న పాత భవనం గురించి

నమస్కారం. మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. ఒడిశా గంజాం జిల్లాలోని గోపాలపురం సముద్రపొడ్డున కమానుల వరండా ఉన్న పాత భవనం ఒకటి ఉంది. మీ తాతగారు దాన్ని రంగం (అంటే రంగూను) గోడౌను అనేవారు. మీ అమ్మగారు మిలిటరీ బంగళా అంటారు. పక్కనున్న లాడ్జీవాళ్లు దొరల క్లబ్బు అని పర్యాటకులకు చెబుతున్నారు. మీ యువజన సంఘం దాని ముందు ఒక బోర్డు పెట్టాలనుకుంటోంది కనుక వీటిలో ఏది నిజమో, ఏది రాయాలో చెప్పమని అడుగుతూ ఆరు ఫోటోలు జతచేశారు.

ముగ్గురి మాటా నిజం కావడానికి అవకాశం ఉంది. ఎవరిదో ఒక్కరి మాటనే బోర్డుకెక్కిస్తే మాత్రం అది తప్పవుతుంది. నేను బరంపురం, ఛత్రపురం ప్రాంతాల్లో ప్రభుత్వ కట్టడాల మరమ్మతు పనుల్లో 30 ఏళ్లకు పైగా గడిపినవాణ్ణి, ఉప్పుగాలి తినే పాత గోడలతోనే నా ఉద్యోగం చాలావరకు నడిచింది. సముద్రపొడ్డు భవనం సంగతి తెలుసుకోవాలంటే ముందుగా దాని ముఖం ఎటుందో, ఆ ముఖం ఎన్నిసార్లు తిరిగిందో చూడాలని ఆ పనిలో నాకు అర్థమైంది. మన ఇళ్లకు వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఉన్నట్టే ఆ భవనాలకూ ఉంటాయి. అయితే ఊళ్లో ఇంటికి వీధి సాధారణంగా మారదు, ఒడ్డున ఉన్న భవనానికి ఒక తరంలో సముద్రమే వీధి, తరవాతి తరంలో అదే సముద్రం పెరడు.

మీ రెండో ఫోటో చూడండి. సముద్రం వైపు గోడలో ఇప్పుడు మూడు చిన్న కిటికీలున్నాయి, కానీ ప్రతి కిటికీ పైనా దానికి రెండింతల వెడల్పున్న ఇటుక కమాను పెచ్చులూడిన చోట కనిపిస్తోంది. కిటికీ కోసం అంత కమాను ఎవరూ తిప్పరు. అవి మొదట గుమ్మాలు, అదీ బస్తాలు మోసే మనుషులు ఎదురెదురుగా వచ్చినా ఒకరికొకరు తగలకుండా దాటగలిగినంత వెడల్పు గుమ్మాలు. గోడ పైభాగంలో, మనిషికి అందని ఎత్తులో, ఇనుప కడ్డీలు బిగించిన గాలి కంతలున్నాయి. నివాసం కోసం కట్టినవాడు గాలిని మనిషి కూర్చునే ఎత్తులో రానిస్తాడు, సరుకు కోసం కట్టినవాడు దొంగ చేతికి అందని ఎత్తులో రానిస్తాడు. నాలుగో ఫోటోలో ఊరివైపు ఉన్న పోర్టికో మాత్రం సిమెంటు కాంక్రీటుది, దాని చువ్వలు తుప్పుపట్టి కింది పొర రాలిపోయింది. కనుక ఈ భవనం మొదట సముద్రానికి ముఖం పెట్టి పుట్టింది, తరవాత ఎవరో దాని ముఖాన్ని ఊరివైపు తిప్పారు. మీ తాతగారి మాటలో గోడౌను అన్న సగం ఈ గోడే నిలబెడుతోంది.

రంగం అన్న రెండో సగానికి గోపాలపురం రేవు సంగతి తెలియాలి. మన తీరంలో అంతకుముందు పెద్ద పట్టణం గంజాం. 1768లో అక్కడికి మొదటి ఆంగ్ల రెసిడెంటుగా వచ్చిన ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ ఋషికుల్య ఒడ్డున నక్షత్రం ఆకారంలో కోట కట్టించాడు, పోటగఢ్ అని ఇప్పుడు పిలిచేది దాన్నే. 1815లో మొదలైన విషజ్వరాలు ఆ పట్టణాన్ని ఖాళీ చేయించాయి, జిల్లా కచేరీలు బరంపురం, ఛత్రపురాలకు తరలిపోయాయి. కోట గోడలు చెక్కుచెదరకుండా ఉండగానే దాని పని అయిపోయింది. ఆ తరవాత ఈ జిల్లా ఓడ వ్యాపారానికి గోపాలపురం ప్రధానమైన రేవయింది. అయితే రేవు అనగానే ఇప్పటి విశాఖపట్నాన్ని ఊహించుకోకండి. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి, సరుకూ మనుషులూ మసూలా పడవల్లో కెరటాలు దాటి ఓడ దగ్గరికి చేరేవారు. మేకులు కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో పలకలను కుట్టిన ఆ పడవలు కెరటం దెబ్బకు విరగకుండా వంగుతాయి, వాటిని నడిపినవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు గంగపుత్రులే. ఈనాటికీ గోపాలపురం నుంచి పూరీ దాకా ఒడియావాళ్లు నొలియాలని పిలిచే జాలరుల పల్లెల్లో ఇంట్లో మాట్లాడే మాట తెలుగే కావడానికి ఆ తీర జీవనమే మూలం. సముద్రం పోటుమీద ఉన్నన్ని రోజులూ పడవ దిగదు కనుక సరుకు ఒడ్డునే ఆగాలి. ఒడ్డున ఇంత లావు గోడల గిడ్డంగులు అవసరమైంది అందుకే.

1893 నుంచి 1896 మధ్య తూర్పు తీర రైలు మార్గం పడిన తరవాత ధాన్యం, నూనెగింజల వంటి సరుకు క్రమంగా బరంపురం స్టేషను దారి పట్టింది. అంతటితో గోపాలపురం పని అయిపోవలసింది, కానీ మనుషులు దాన్ని నిలబెట్టారు. రంగూనును మన ఉత్తరాంధ్ర, గంజాం తెలుగులో రంగం అంటారు. అక్కడి బియ్యం మిల్లులకు, ఓడరేవుకు, కోతలకు ఏటా వేలమంది గంజాం, శ్రీకాకుళం ప్రాంతాలనుంచి కూలీలను జట్లుగా తీసుకెళ్లే మేస్త్రీల చేతి బయానా పుచ్చుకుని స్టీమరెక్కారు. మీ తాతగారు గోడౌను ముందు రంగం అన్న మాట చేర్చారంటే ఆయన కాలానికి అక్కడ బస్తాలకంటే మనుషులు ఎక్కువగా ఆగేవారని నా అభిప్రాయం. స్టీమరు ఎప్పుడొస్తుందో, పడవ ఎప్పుడు దిగుతుందో తెలియని రోజుల్లో మేస్త్రీలు తమ జట్టును ఏదో ఒక కప్పు కింద కూర్చోబెట్టాలి కదా. సరుకు తగ్గి ఖాళీ అయిన గిడ్డంగి అంతకన్నా దేనికి పనికొస్తుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొంతమంది ఉత్సాహవంతులు ఇలాంటి భవనాలన్నిటికీ ఎమిగ్రేషన్ డిపో అని పేరు పెట్టేస్తున్నారు. ఫిజీకో, మారిషస్‌కో, నాటాల్‌కో వెళ్లిన కూలీలకు అలాంటి ప్రభుత్వ డిపోలు, చేతిలో కాగితాలు, రిజిస్టర్లు ఉండేవి. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కనుక, చట్టం దృష్టిలో రంగం వెళ్లడం విదేశం వెళ్లడం కాదు. కాబట్టి గోపాలపురం నుంచి డెక్కు టిక్కెట్టు మీద వెళ్లిన మీ ముత్తాత పేరు వలస రిజిస్టర్లో దొరకాలని వెతకకండి, బోర్డు మీద డిపో అన్న మాటా రాయకండి. రంగం ప్రయాణికులు ఆగిన చోటు అంటే చాలు, అది సరైన మాట కూడాను.

1936 నుంచి ఆరేళ్లలో ఈ తీరానికి మూడు దెబ్బలు తగిలాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం అందులో చేరింది, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు భూభాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. సరిగ్గా ఏడాదికి బర్మా వేరయింది. 1942 మార్చిలో రంగూను జపాను వశమైంది, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి, అదే వారంలో జపాను నౌకలు బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలను ముంచేశాయి. రంగంలో ఉన్న మనవాళ్లు చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. సముద్రం వైపు గుమ్మాలకు ఆ తరవాత పని లేకుండాపోయింది. నేను చూసిన రెండు మూడు పాత గిడ్డంగుల్లో ఆ గుమ్మాలను మూసిన ఇటుక అంతకుముందు వాడిన పలుచని ఇటుక కాదు, 9 అంగుళాల ఇటుక. మీ భవనంలోనూ కిటికీల కింది పూడిక ఇటుక ఏ రకమో పెచ్చులూడిన చోట కొలిచి చూడండి.

మీ అమ్మగారి మిలిటరీ మాటను ఈ సందర్భంలోనే పరిశీలించాలి, కానీ గోపాలపురంలో మిలిటరీ అంటే రెండు అర్థాలున్నాయి. ఒకటి యుద్ధకాలపు సైన్యం. 1939 నాటి భారత రక్షణ నిబంధనల కింద ప్రభుత్వం ప్రైవేటు భవనాలను స్వాధీనం చేసుకునే అధికారం తెచ్చుకుంది. రెండోది, ఇప్పుడు గోలాబంధ వైపున్న సైన్యపు వాయురక్షణ శిక్షణ కళాశాల. మీ అమ్మగారి వయసునుబట్టి ఆవిడ విన్నది మొదటిదో, చూసింది రెండోదో అడిగి తెలుసుకోండి. యుద్ధకాలానిదైతే ఒక సౌకర్యం ఉంది. స్వాధీనం చేసుకున్న భవనానికి యజమానికి పరిహారం ఇవ్వాలి, డబ్బు ఇచ్చిన చోట కాగితం పుడుతుంది. ఆ కాగితాలు కలెక్టరు కార్యాలయపు పాత రికార్డుల్లో వెతకవలసినవి.

లాడ్జీవాళ్ల దొరల క్లబ్బు మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను, అది గది అద్దె పెంచే మాట. అయినా ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. రేవు పనిచేస్తున్న రోజుల్లోనే గోపాలపురం దొరలకు వేసవి విడిదిగా కూడా మారింది. 1914లో మాలియోని అనే ఇటలీ దేశస్థుడు పెట్టిన పామ్ బీచ్ హోటలు తరవాత ఒబెరాయ్‌ల చేతికొచ్చింది, ఇప్పుడు మేఫేర్ వాళ్లది. గమనించండి, అది మొదటినుంచీ హోటలే. దాని గుమ్మాలు సముద్రం వైపు ఉన్నది సరుకు కోసం కాదు, చూపు కోసం. ఒకే ఒడ్డున, ఒకే కాలంలో, ఒక భవనం సముద్రాన్ని దారిగాను, మరొకటి దృశ్యంగాను వాడుకున్నాయి. రెంటినీ కలిపేస్తే దొరల క్లబ్బు కథ పుడుతుంది. చిలికా ఒడ్డున రంభలో కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించిన భవనం ఇంకో రకం. దొరగారి దర్జాకోసం లేచిన ఆ మేడ తరవాత ఖల్లికోట రాజులదై, ఒడియా భాషా ఉద్యమపు తొలి సమాలోచనలకు చోటయిందని చెబుతారు. స్నాడ్‌గ్రాస్ ఉద్యోగం పోయాక లండన్లో ఈస్టిండియా కంపెనీ కార్యాలయం ముందు వీధి ఊడ్చి, పరువు పోతుందన్న భయం కంపెనీవాళ్లకు పుట్టించి పింఛను సాధించాడని ఒక కథ ఉంది. నిజానిజాలు ఎలా ఉన్నా మా ఆఫీసులో పింఛను ఫైలు కదలని ప్రతివాడూ ఆ కథ చెప్పుకునేవాడు.

ఇక తేదీల విషయం. మీరు ఆరో ఫోటోలో పెంకు మీద 1865 అని కనిపిస్తోందని, భవనం ఆ ఏటిదని రాశారు. అది పొరపాటు. బాసెల్ మిషన్ వారి పెంకుల కర్మాగారం మంగుళూరులో మొదలైన సంవత్సరం 1865. తరవాత దశాబ్దాలపాటు చేసిన పెంకులమీద కూడా ఆ అంకె అచ్చువేశారు. పైగా కప్పు పెంకు ఏ తుపాను తరవాతైనా మారుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి ఎగిరిన పెంకుల స్థానంలో ఏ పాత ఇంటి పెంకులు తెచ్చి పేర్చారో ఎవరు చెప్పగలరు? పెంకు కంటే దూలాన్ని నమ్మండి. మూడో ఫోటోలోని వరండా ఇనుప దూలాన్ని తడిగుడ్డతో తుడిచి చూస్తే తయారీదారు పేరు కనిపించవచ్చు. డార్మన్ లాంగ్ అని ఉంటే ఆ కంపెనీ 1875లో పుట్టింది కనుక దూలం అంతకుముందుది కాదు. టాటావారి ముద్ర ఉంటే, జంషెడ్‌పూర్‌లో ఉక్కు పోయడం మొదలైంది 1912లో కనుక, దూలం అక్కడినుంచి ఇటువైపుది. లోపలి గదులకు టేకు దూలాలు, వాటిమీద పలుచని ఇటుకలు ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో అతికిన మద్రాసు టెర్రేసు కప్పు ఉంటే అది వరండా కంటే పాతదని అనుకోవచ్చు. గోడ సున్నంలో చిన్న గవ్వముక్కలు కనబడతాయేమో చూడండి. చిలికా గుల్లలు కాల్చి చేసిన గుల్లసున్నం మన ప్రాంతపు పాత పనికి గుర్తు.

కాగితాల విషయంలో గంజాం జిల్లాది విచిత్రమైన చిక్కు, దాన్ని విప్పగలిగేది తెలుగు చదవగలిగినవాళ్లే. 1936కు ముందు ఇక్కడి రెవెన్యూ లెక్కలు చాలావరకు ఇంగ్లీషులో, తెలుగులో నడిచాయి. సెటిల్‌మెంటు రిజిస్టర్లకు డైగ్లాట్ అని పేరు, అంటే రెండు భాషలవి. తరవాతి ఖతియాన్లు, అంటే భూమి హక్కుల పత్రాలు, ఒడియాలో ఉంటాయి. ఒడియా పరిశోధకులు మొదటివాటిని, మన ఆంధ్ర మిత్రులు రెండోవాటిని పక్కనపెట్టేస్తారు, అందువల్ల 1936 దగ్గర ప్రతి భవనం చరిత్ర తెగిపోతుంది. మీరు రెండు లిపులూ చదవగలనన్నారు కనుక తెగినచోట ముడివేయగలరు. ఒక హెచ్చరిక: పాత లెక్కల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే మద్రాసు పద్ధతిలో 590 కలపాలి. ఫసలీ 1346 అంటే 1936 జులై నుంచి 1937 జూన్ వరకు. ఒడియా పత్రాల్లో కనిపించే అమలీ సంవత్సరానికైతే 592 కలపాలి. రెండేళ్ల తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ 1935కూ 1937కూ మధ్య రాష్ట్రమే మారిపోయిన చోట ఆ రెండేళ్లు అటూఇటూ అయితే యజమానినే తప్పు చెబుతాం. ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోను, తరవాతివి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌లోను చూడాలి. చెన్నై వెళితే అసైలం ప్రెస్ ఆల్మనాక్ అనే వార్షిక డైరెక్టరీ పాత సంచికలు అడగండి, ఊరి పేరు కింద ఉద్యోగులు, కంపెనీల ఏజెంట్ల వివరాలు ఉంటాయి. మాల్ట్‌బీ 1882లో తెచ్చిన గంజాం జిల్లా మాన్యువల్ మొదట చదివి వెళితే సమయం ఆదా అవుతుంది.

ఒక విషయం చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఇలాంటి ఒక గిడ్డంగిని విశ్రాంతి గృహంగా మార్చే పని నా చేతిమీదుగా జరిగింది. పెచ్చులూడుతున్న పాత సున్నం పూత మొత్తం కొట్టించి గట్టి సిమెంటు పూత వేయించాను. చూడడానికి చక్కగా కుదిరింది. మూడు వానాకాలాలు తిరక్కముందే గోడ లోపలి చెమ్మ బయటికి రాలేక, దాంతో కరిగిన ఉప్పు సిమెంటు పూత వెనకాలే గడ్డకట్టి, పూతతోబాటు ఇటుక ముఖాన్ని కూడా పలకలు పలకలుగా ఊడదీసింది. సున్నం పూత ఉప్పును తనమీదికి తెచ్చుకుని తాను రాలిపోతుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ వేసుకుంటే గోడ బతుకుతుంది. పూతే బలి కావలసినచోట నేను గోడను బలిచేశాను. అంతకంటే పెద్ద నష్టం మరోటి ఉంది. ఆ సిమెంటు కింద మూసిన గుమ్మాల ఆనవాళ్లన్నీ పోయాయి, ఆ భవనం ఎటు చూస్తూ పుట్టిందో చెప్పగల రుజువును నేనే చెరిపేశాను. కాబట్టి మీ సంఘం బోర్డుతోబాటు గోడకు మరమ్మతు కూడా చేయిస్తామంటే గానుగ సున్నం తప్ప మరొకటి వద్దనండి. నీలం, పసుపు ఎమల్షన్ పెయింట్ల ముచ్చట అసలే వద్దు, అవి కూడా చెమ్మను బిగించేస్తాయి.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో అభివృద్ధి నిషేధ మేర లోపల కూడా అధీకృతంగా ఉన్న పాత కట్టడానికి ఉన్న విస్తీర్ణం, ఉన్న పునాది దాటకుండా మరమ్మతు చేసుకునే వీలుంది. కానీ ఆ కట్టడం అధీకృతమని చూపించవలసింది యజమానే, పైన చెప్పిన ఖతియాన్లు అందుకూ పనికొస్తాయి. పని మొదలుపెట్టే ముందు ఛత్రపురంలోని జిల్లా కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగడం మంచిది.

బోర్డు మీద ఏం రాయాలన్న అసలు ప్రశ్నకు నా సూచన ఇది. భవనం పేరు కింద సంవత్సరం వేయకండి. ఓడల కాలంలో సరుకు గిడ్డంగి అని ఒక వాక్యం రాయండి, దానికి గోడ సాక్ష్యం ఉంది. రంగం ప్రయాణికులు ఇక్కడ ఆగేవారని ఊరి పెద్దలు చెబుతారు అని మరొకటి రాయండి, చెప్పినవారి మాటగానే ఉంచండి. సైన్యం వాక్యం కాగితం దొరికాక చేర్చుకోవచ్చు, అందుకు కింద జాగా వదలండి. క్లబ్బు మాట వదిలేయండి. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉండాలి. తెలుగు వాక్యంలో రంగం అన్న మాటను రంగూను అని సంస్కరించకుండా మీ తాతగారి నోటిమాటగానే రాయండి.

బోర్డు కంటే ముందు ఒక పని ఉంది. వానలు తెరిపిచ్చిన రెండు మూడు రోజులకు, ఉదయపు ఎండ గోడమీద ఏటవాలుగా పడే వేళ, సముద్రం వైపు గోడను ఒక చివరనుంచి మరో చివరదాకా ఫోటోలు తీయండి. పాత ఇటుక, పూడిక ఇటుక ఒకే వేగంతో ఆరవు కనుక మూసేసిన గుమ్మాల రూపం తడి మచ్చగా గోడమీద తేలుతుంది. ఫోటోలో కొలత తెలియడానికి ఒక మీటరు కర్ర గోడకు ఆనించి పెట్టండి. అక్టోబరు తుపాన్ల కాలం వచ్చేలోగా ఆ ఫోటోలు పంపితే ఏ గుమ్మం ముందు మూసుకుందో, ఏది తరవాతదో కలిసి చూద్దాం.